ఖాళీ కాలు

మూడు మాటలు చెప్పి, కాసేపాగి అడిగాడు డాక్టరు.
గంప వచ్చింది. ఏనుగు వచ్చింది.
మూడోది
టికెట్టు వెనకాల రాసిన చిల్లరలా ఉండిపోయింది.
దిగేటప్పుడు తీసుకోండి, అని
ముప్పై ఒక్కేళ్ళు నేను అందరికీ చెప్పిన మాటే
నా తల నాకు చెప్పింది.

జబ్బు కాదన్నాడు. జబ్బుకి పొలిమేర అన్నాడు.
పొలిమేరలో బండి ఆపుకోవచ్చా అంటే
నెమ్మదిగా పోనివ్వొచ్చు అని
చీటీ రాశాడు. మందు పేరు కాదు.

అలా మంగళ, శుక్రవారాలు
కంటోన్మెంటు బడి వరండాలో
పిల్లలు రాకముందు ఏడింటికి
పదకొండుమందిమి మొలలోతు నీళ్ళలో ఉన్నట్టు నడుస్తాం.
చైనా వాళ్ళ విద్యట, తాయ్ చీ.
సన్నెమ్మ దాన్ని తాయెత్తు అంటుంది.
ఎవరం దిద్దలేదు.

నేర్పేది బెహరా వారి ప్రసూన,
ఫిజియోథెరపీ చదివిన గుంట.
గుర్రం జూలు పాయ తియ్యండి, అంది మొదటిరోజు.
గుర్రాల సంగతి నాకేం తెలుసు,
చెయ్యి మాత్రం నాకన్నా ముందే వెళ్ళిపోయింది.
సిరిమాను పండగనాడు గజపతినగరం బస్సులో
నూటపదిమంది మధ్య
ఎవరి భుజమూ నొవ్వకుండా పాయ తీసిన చెయ్యి.
"అదే, అదే" అంది ప్రసూన.
ఏది అదే అని అడగలేదు నేను.

బరువంతా ఒక కాల్లోకి ఒంపండి,
రెండోది ఖాళీ అయ్యాకే అడుగు, అంటుంది.
ఇది నాకొకరు చెప్పాలా?
దిగేవాళ్ళు దిగందే ఎక్కేవాళ్ళని ఎక్కనిచ్చానా ఏనాడైనా!
కుడికాల్లోంచి దిగుతుంది బరువు,
మూటతో ముసలమ్మ దిగినంత మెల్లగా.
ఎడంకాలు ఆగి ఉంటుంది.
లోపల ఎవరో హోల్డాన్ అంటారు, ఎవరో రైట్ అంటారు.
ఇద్దరూ నేనే.

గోతుల రోడ్డు మీద ఏ కమ్మీ పట్టుకోకుండా
టికెట్లు కొట్టిన మనిషిని
మొన్న స్నానాలగదిలో గోడ పట్టుకున్నాను.
ఇంట్లో చెప్పలేదు.
చెప్పేశాననే అనిపిస్తుంది ఒక్కోరోజు.

చిక్కంతా మలుపు దగ్గర.
తిరిగేసరికి ప్రసూన వెనకైపోతుంది.
నేను లెక్కల మాస్టారు ధర్మారావుని చూస్తాను,
ఆయన సన్నెమ్మని చూస్తాడు,
సన్నెమ్మ కిటికీ అద్దంలో తనని చూసుకుంటుంది.
ఆవిడ తప్పింది.
వరసంతా తప్పాం, ఒకే మనిషి తప్పినట్టు.
ప్రసూన నవ్వాపుకోలేక స్తంభం చాటుకెళ్ళింది.
"ఏటే గుంటా నవ్వుతావు,
అందరం కలిసే ఏసేం కదేటి అడుగు!"

రాత్రిళ్ళు పడుకుని స్టాపులు పిలుచుకుంటాను.
గొట్లాం, బొండపల్లి, గజపతినగరం, మానాపురం.
రామభద్రపురం జంక్షన్లో బస్సు నిలబడిపోతుంది.
ఎడమకి సాలూరు.
కుడికి ఒక కోట ఉంది, వీణలు చేసేవాళ్ళున్నారు,
నైటవుటు రోజుల్లో నాకు టీ అప్పిచ్చిన మనిషి మొహం కూడా ఉంది.
ఊరి పేరే లేదు.
ఇదివరకైతే గాభరాగా లేచి లైటేసేవాణ్ణి,
పాత వేబిల్లుల పెట్టె బోర్లించేవాణ్ణి.
ఇప్పుడు దుప్పటి కింద
ఎడంకాలు ఖాళీ చేసుకుంటాను.
బస్సు అక్కడే ఉంటుంది, ఇంజను ఆపకుండా.
ఎవరూ నన్ను తిట్టట్లేదు.

పోయిన శుక్రవారం
మూడులాంతర్ల దాకా వెళ్ళినవాణ్ణి
గొడుగు మరిచానని వెనక్కొచ్చాను.
వరండాలో ధర్మారావు మాస్టారు, కళ్ళజోడు కోసం.
అది ఆయన నెత్తి మీదే ఉంది.
సన్నెమ్మ కూడా వచ్చింది,
దేనికోసమో ఆవిడకే తెలీదు,
"వస్తే గుర్తొస్తాదనొచ్చీసేను బావూ" అంది.
బడిగంట ఇంకా కొట్టలేదు.
ముగ్గురం మొహాలు చూసుకున్నాం.
చేతులు లేచాయి, ఎవరివి ముందో.
మలుపు దగ్గర ఈసారి ఎవరూ ఎవర్నీ చూడలేదు,
సరిగ్గా వచ్చిందో లేదో చెప్పేవాళ్ళూ లేరు.

ఇంటికొచ్చాక
చేతిలో గొడుగు లేదు.